టెక్సాస్‌లో యీల్డ్ గుర్తు దగ్గర కారు ప్రమాదం: తప్పు వాటా నుంచి పరిహారం చెక్కు వరకు

"యీల్డ్ వాళ్లకుంది, కాబట్టి తప్పు వాళ్లదే." ప్రమాదం జరిగిన సాయంత్రమే స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఈ తీర్పు వచ్చేస్తుంది. గుర్తు తమవైపు ఉన్న డ్రైవర్లేమో అంతా తమ తప్పేననుకుని, గాయాలున్నా క్లెయిము మాటే ఎత్తరు. రెండూ తొందరపాటే. దారి ఎవరు ఇవ్వాలో యీల్డ్ గుర్తు చెబుతుంది. ప్రమాదంలో ఎవరి తప్పు ఎంత శాతమో చెప్పదు. ఆ శాతాన్ని తేల్చేవి రెండు కార్ల మధ్య దూరం, వాటి వేగం, వాటిని రుజువు చేయడానికి మీ దగ్గరున్న ఆధారం. ఇక చివరికి చేతికి ఎంత వస్తుందన్నది చాలాసార్లు ఎదుటివారి బీమా పరిమితి మీద, మీ సొంత పాలసీ మీద ఆధారపడుతుంది.

ఈ మార్గదర్శి టెక్సాస్‌కే. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. హైవేల పక్కన సాగే ఫ్రంటేజ్ రోడ్లు, కొత్త కాలనీల రౌండబౌట్లు, కూడళ్లలో కుడివైపు తిరిగే చిన్న దారులు అక్కడ ప్రతిరోజూ ఎదురయ్యేవే. వాటిలో చాలాచోట్ల యీల్డ్ గుర్తు ఉంటుంది. వేరే రాష్ట్రంలో ఉన్నవారు ఇందులోని శాతాల లెక్కను యథాతథంగా తీసుకోకూడదు. వర్జీనియా, నార్త్ కరోలినా, మేరీలాండ్, అలబామాల్లో గాయపడిన వ్యక్తి తప్పు కొద్దిపాటిదైనా పరిహారం మొత్తం పోయే పాత సూత్రం ఇప్పటికీ నడుస్తోంది. కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో తప్పు ఎంత పెద్దదైనా మిగిలిన శాతం మేరకు అడగవచ్చు. టెక్సాస్ ఈ రెండింటికీ మధ్యలో ఉంది.

ముందుగా, గుర్తు మీద చట్టం మాట

యీల్డ్ గుర్తును 1950లో ఓక్లహామాలోని టల్సా నగరంలో క్లింటన్ రిగ్స్ అనే పోలీసు అధికారి మొదటిసారి రోడ్డు మీద నిలబెట్టారు. అప్పట్లో అది పసుపు రంగులో ఉండేది. స్టాప్ గుర్తు పెడితే ఖాళీ రోడ్డు మీద కూడా అందరూ ఆగాలి. ఏ గుర్తూ లేకపోతే ఎవరూ ఆగరు. అవసరమైతేనే ఆగమని చెబుతూ, ఆ అవసరాన్ని గుర్తించే పనిని డ్రైవరుకే వదిలిన గుర్తు ఇది. వివాదాలన్నీ ఆ వదిలిన చోటు నుంచే పుడతాయి.

టెక్సాస్ రవాణా చట్టం 545.153 సెక్షన్ యీల్డ్ గుర్తు ఉన్న డ్రైవరు మీద రెండు బాధ్యతలు పెట్టింది. అప్పటి పరిస్థితులకు తగిన వేగానికి తగ్గాలి. కూడలిలోకి అప్పటికే వచ్చిన వాహనానికి, లేదా తక్షణ ప్రమాదం అనదగినంత దగ్గరికి వచ్చిన వాహనానికి దారి ఇవ్వాలి. దూరంగా కనిపించే ప్రతి కారు కోసమూ ఆగి నిలబడమని చట్టం అనలేదు.

అదే సెక్షన్‌లో చాలామంది చూడని ఒక వాక్యం ఉంది. డ్రైవరు ఆగకుండా యీల్డ్ గుర్తు దాటి కూడలిలో మరో వాహనంతో ఢీకొంటే, దారి ఇవ్వలేదనడానికి ఆ ఢీకొనడమే ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. అప్పుడు తన జాగ్రత్త తాను తీసుకున్నానని చూపించుకోవలసిన భారం ఆ డ్రైవరు మీద పడుతుంది. పూర్తిగా ఆగి, చూసి, తర్వాత బయల్దేరినవారికి ఈ వాక్యం వర్తించదు. దారి ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం వారికీ ఉంటుంది. అందుకే మీరు గుర్తు ఉన్నవైపు డ్రైవరైతే "ఆగాను" అన్న మాటకు ఎంతో విలువ ఉంది. అది నిజమైతే మొదటి రోజు నుంచే, పోలీసు నివేదికలోనే నమోదు కావాలి.

మీ ప్రమాదం ఏ రకం?

యీల్డ్ ప్రమాదాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. పక్కనుంచి వస్తున్న కారుకు అడ్డంగా దూరడం అందరికీ తెలిసిన రకం. మిగిలినవాటిలో తప్పు వాటా ఊహించినట్టు పడదు.

టెక్సాస్‌లో అన్నిటికంటే చిక్కైనది ఫ్రంటేజ్ రోడ్డు. హైవే నుంచి దిగే ర్యాంప్ ఫ్రంటేజ్ రోడ్డును కలిసేచోట, ఫ్రంటేజ్ రోడ్డు మీద వెళుతున్నవారే దారి ఇవ్వాలి. 545.154 సెక్షన్ చెప్పేది అదే, గుర్తు కూడా వారికే ఉంటుంది. కొత్తగా వచ్చినవారికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. తిన్నగా వెళ్లే నాకు కాక, పక్కనుంచి దూరే కారుకు హక్కా అని అడుగుతారు. అవును, హక్కు దానిదే. కానీ ర్యాంప్ దిగిన కారు తన వరుసలో ఉండకుండా, ఎదురుగా ఉన్న పెట్రోలు బంకులోకి తిరగడానికి ఒక్క ఊపులో రెండు మూడు వరుసలు కోసుకుంటూ వెళ్లి ఢీకొంటే కథ మారుతుంది. వరుస మారేటప్పుడు అది సురక్షితమో కాదో చూసుకోవాల్సిన బాధ్యత ఆ డ్రైవరుది. ఏ వరుసలో, ర్యాంప్ ముగిసిన చోటు నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఢీ జరిగిందన్నది ఇక్కడ కీలకం. గాజుముక్కలు, టైరు గీతలు ఎక్కడున్నాయో చూపించే ఒక్క ఫోటో వాదనను అటో ఇటో తిప్పేస్తుంది.

రెండోది కుడివైపు తిరిగే చిన్న దారిలో వెనకనుంచి గుద్దడం. ముందు కారు కదులుతుంది, ఎడమవైపు నుంచి ఏదో వస్తోందని మళ్లీ ఆగుతుంది. వెనక డ్రైవరు అప్పటికే ఎడమవైపు చూస్తూ ముందుకు వచ్చేస్తారు. వెనక గుద్దినవారిదే తప్పని సాధారణంగా అనుకుంటాం, బీమా కంపెనీలూ అలాగే మొదలుపెడతాయి. టెక్సాస్ కోర్టులు మాత్రం వెనకనుంచి గుద్దినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైపోయిందని అనవు. దూరం పాటించారా, చూశారా అన్నది జ్యూరీ తేల్చాలి. కారణం లేకుండా హఠాత్తుగా బ్రేకు వేసిన ముందు కారుకూ కొంత వాటా పడవచ్చు.

రౌండబౌట్‌లో లోపల తిరుగుతున్నవారికి దారి ఇవ్వాలి. ఇద్దరూ దాదాపు ఒకేసారి ప్రవేశించినప్పుడే తగాదా. ఇక ఆ కుడివైపు దారుల్లోనే పాదచారులు దాటే చారలూ ఉంటాయి. కార్ల కోసం ఎడమవైపు చూస్తూ, కుడివైపు నుంచి నడిచి వచ్చేవారిని గుద్దడం తరచూ జరిగేదే. 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో చారల మీద చట్టబద్ధంగా దాటుతున్న మనిషిని నిర్లక్ష్యంతో గాయపరచడం నేరం కూడా అయింది. అలాంటి కేసులో బీమాతో మాట్లాడేముందు క్రిమినల్ న్యాయవాదితో మాట్లాడాలి.

ప్రమాద స్థలంలో

ఆగడం, సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం, గాయపడినవారికి సహాయం చేయడం చట్టం విధించిన బాధ్యతలు. గాయాలున్నా, కారు నడిచే స్థితిలో లేకపోయినా వెంటనే పోలీసులకు తెలపాలి. 911కు ఫోను చేయండి. ఎదుటివారు "పోలీసులెందుకు, మనమే చూసుకుందాం" అన్నా వినకండి. యీల్డ్ ప్రమాదంలో మూడో మనిషి రాసిన కాగితం లేకపోతే మర్నాటికి ఇద్దరి కథలూ మారిపోతాయి.

మన అలవాటు ఒకటి ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే అప్రయత్నంగా "సారీ" అంటాం. టెక్సాస్ చట్టం సానుభూతి మాటలను తప్పుకు రుజువుగా కోర్టులో వాడనివ్వదు. "సారీ, మీకు దెబ్బ తగిలిందా" అన్నందుకు నష్టం లేదు. "సారీ, నేను చూసుకోలేదు" అంటే రెండో సగం ఒప్పుకోలు, అది వాడుకోదగినదే. మనిషిని పలకరించండి, నీళ్లివ్వండి, తప్పు గురించి మాత్రం మాట్లాడకండి.

కార్లు కదిలించేముందు, ప్రమాదం లేకుండా వీలైతేనే, ఫోటోలు తీయండి. కార్ల మీది సొట్టల కంటే ఇక్కడ ముఖ్యమైనవి వేరే: యీల్డ్ గుర్తు స్తంభం, దాన్ని కప్పేసిన కొమ్మలు, గుర్తు దగ్గర నిలబడి చూస్తే ఎడమవైపు ఎంత దూరం వరకు రోడ్డు కనిపిస్తుందో ఆ దృశ్యం, వేగ పరిమితి బోర్డు, సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడో. డ్రైవరు కూర్చునే ఎత్తులో ఫోను పెట్టి ఒక చిన్న వీడియో తీస్తే తర్వాత ఎంతో ఉపయోగం. సాక్షుల పేర్లు, ఫోను నంబర్లు మీరే అడిగి తీసుకోండి. పోలీసులు వచ్చేసరికి వారు వెళ్లిపోతారు.

చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు కారులో ఉంటే, వారి మాటను పోలీసు అధికారికి మీరు అనువదించకండి, ముఖ్యంగా మీరే డ్రైవరైతే. తెలుగు దుబాసీ కావాలని అడగండి. ఫోను ద్వారా దుబాసీని కలపగల విభాగాలు ఉన్నాయి. కొడుకు నోటి మీదుగా వచ్చిన తండ్రి సాక్ష్యాన్ని తర్వాత సులువుగా కొట్టిపారేస్తారు.

వైద్యం: ఆలస్యం చేసిన ప్రతి రోజూ వాదన అవుతుంది

పక్కనుంచి తగిలిన దెబ్బకు మెడ, భుజం, నడుము నొప్పి మర్నాడో మూడోనాడో బయటపడటం మామూలే. "తగ్గిపోతుందిలే" అని రెండు వారాలు ఆగితే, ఆ గాయం ప్రమాదంలో తగిలింది కాదని బీమా కంపెనీ అంటుంది. అత్యవసర విభాగానికో, అర్జెంట్ కేర్‌కో అదే రోజు లేదా మర్నాడు వెళ్లండి. ఎక్కడెక్కడ నొప్పి ఉందో అన్నీ చెప్పండి. పెద్ద నొప్పి గురించే చెప్పి చిన్నవి వదిలేస్తే, అవి రికార్డులో ఉండవు. చెప్పిన ఫిజియోథెరపీ మధ్యలో మానేసినా అదే చిక్కు.

భారతదేశానికి తిరిగి వెళ్లి హైదరాబాదులోనో విజయవాడలోనో వైద్యం కొనసాగించే తల్లిదండ్రుల విషయంలో ముందుచూపు కావాలి. టెక్సాస్ కోర్టులో వైద్య ఖర్చు సహేతుకమైనదని చూపడానికి ఆసుపత్రి నుంచి ప్రమాణపత్రం తీసుకునే పద్ధతి ఉంది. అక్కడి ఆసుపత్రి బిల్లు కౌంటరు నుంచి ఏడాది తర్వాత అలాంటి కాగితం రాబట్టడం తేలిక కాదు. డిశ్చార్జి సమ్మరీ, స్కాన్‌లు, రసీదులు, గాయానికి డాక్టరు రాసిన కారణం అప్పటికప్పుడే సంతకాలతో తీసుకోమనండి.

పోలీసు నివేదిక చదవడం

గాయాలున్న ప్రమాదానికి, లేదా ఆస్తి నష్టం 1,000 డాలర్లు దాటినట్టు కనిపించిన ప్రమాదానికి విచారించిన అధికారి పది రోజుల్లోగా సీఆర్-3 అనే నివేదిక పంపాలి. దాన్ని టెక్సాస్ రవాణా శాఖ వెబ్‌సైటులో 6 డాలర్లకు కొనవచ్చు. అందులో బొమ్మ, కథనం, ప్రమాదానికి దోహదం చేసిన కారణాల గడులు ఉంటాయి. యీల్డ్ గుర్తు దగ్గర దారి ఇవ్వకపోవడానికి ప్రత్యేకంగా ఒక కోడ్ ఉంది. అతివేగానికి, ఏకాగ్రత లేకపోవడానికి వేరే కోడ్‌లు. ఇద్దరి గడులూ చూడండి. మీకు దారి ఇవ్వని కోడ్ పడి, అవతలివారికి వేగం కోడ్ కూడా పడితే మీ కేసు ముగిసినట్టు కాదు.

నివేదికలో వాస్తవం తప్పుగా ఉంటే, అంటే వీధి పేరో, వరుసో, సాక్షి పేరో తప్పితే, అధికారికి ఆధారంతో రాసి సవరణ అడగండి. ఆయన అభిప్రాయాన్ని మార్చమని అడిగితే సాధారణంగా మారదు. అది తుది తీర్పూ కాదు.

టికెట్ వచ్చిందా? తప్పు ఒప్పుకుంటున్నానని న్యాయస్థానంలో చెబితే ఆ మాట సివిల్ దావాలో మీమీదికి రావచ్చు. నోలో కంటెండెరే, అంటే నేరాన్ని ఒప్పుకోను, వాదించను అన్న జవాబును సివిల్ దావాలో ఒప్పుకోలుగా వాడకూడదని టెక్సాస్ చట్టంలో స్పష్టంగా ఉంది. జరిమానా చిన్నదే కదా అని కాగితం చదవకుండా గడి నింపకండి.

దూరం, వేగం: అసలు పోరు ఇక్కడ

"తక్షణ ప్రమాదం అనదగినంత దగ్గర" అన్న మాటను అంకెల్లోకి మార్చినప్పుడే కేసుకు బలం వస్తుంది. గంటకు 45 మైళ్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 66 అడుగులు వస్తుంది. అదే 65 మైళ్లయితే సెకనుకు 95 అడుగులు. యీల్డ్ దగ్గర నిలబడి చూస్తే 300 అడుగుల వరకే రోడ్డు కనిపిస్తుందనుకుందాం. పరిమితిలో, అంటే 45లో, వచ్చే కారు కనిపించిన క్షణం నుంచి చేరడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. 65లో వచ్చేది మూడు సెకన్ల చిల్లరలో మీద పడుతుంది. ఆగి బయల్దేరిన కారు రెండు వరుసలు దాటడానికి ఆ ఒకటిన్నర సెకనే తేడా. గుర్తు ఉన్నవైపు డ్రైవరు "చూశాను, ఖాళీగానే ఉంది" అన్నది అబద్ధం కానక్కరలేదని ఈ లెక్క చూపిస్తుంది.

ఎదుటివైపు నుంచి చూస్తే ఇదే లెక్క మీకు హెచ్చరిక. దారి హక్కు మీదే అయినా, మీరు పరిమితికి మించి వస్తుంటే, ఫోను చూస్తుంటే, తప్పించుకునే వీలుండి బ్రేకు వేయకపోతే మీ పరిహారంలో కోత పడుతుంది.

ఈ అంకెలకు రుజువు ఎక్కడినుంచి? డ్యాష్‌క్యామ్ ఉంటే సగం పని అయినట్టే. ఆ ఫైలు వెంటనే వేరేచోట దాచండి, కొత్త రికార్డింగు పాతదాన్ని చెరిపేస్తుంది. దగ్గరి దుకాణాలు, బంకులు, ఇళ్ల డోర్‌బెల్ కెమెరాల దృశ్యాలు కొద్ది రోజుల్లో చెరిగిపోతాయి. మీరే వెళ్లి అడగండి, ఇవ్వకపోతే భద్రపరచమని రాతపూర్వకంగా కోరండి. కూడలిలో స్తంభం మీద కనిపించే ప్రభుత్వ కెమెరా రికార్డు చేస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి. పోలీసు అధికారి ఒంటి మీది కెమెరా వీడియోను, 911 ఆడియోను అర్జీ పెట్టి కోరవచ్చు. ఒంటి కెమెరా వీడియోను కనీసం 90 రోజులు ఉంచాలి. ఆ తర్వాత దక్కుతుందన్న హామీ లేదు.

చాలా కార్లలో ఢీకి ముందు కొన్ని సెకన్ల వేగం, బ్రేకు వివరాలు నమోదు చేసే పరికరం ఉంటుంది. టెక్సాస్‌లో ఆ సమాచారం కారు యజమానిది. యజమాని అనుమతితోనో కోర్టు ఉత్తర్వుతోనో తప్ప బయటివారు ఎక్కువ సందర్భాల్లో తీయలేరు. మీ కారు తుక్కుకు వెళ్లిపోతోందంటే, దాంతోపాటు ఈ సాక్ష్యమూ వెళ్లిపోతోందని అర్థం. తీవ్రమైన గాయాలున్న కేసులో బీమా కంపెనీకి కారు అప్పగించేముందు దీని సంగతి తేల్చుకోవాలి.

తప్పు శాతం, 50 గీత

టెక్సాస్‌లో జ్యూరీ ప్రతి ఒక్కరికీ ఒక శాతం వేస్తుంది. మీ తప్పు 50 శాతం దాటితే మీకు రావలసింది సున్నా. 50 లోపు, సరిగ్గా 50 అయినా సరే, మీ శాతం మేరకు కోసి మిగతాది ఇస్తారు. నష్టం 90,000 డాలర్లని తేలి, మీ తప్పు 20 శాతమైతే 72,000 వస్తుంది. మీ తప్పు 51 శాతమని జ్యూరీ రాస్తే ఒక్క డాలరు కూడా రాదు. గుర్తు తమవైపు ఉన్న డ్రైవర్ల మీద ఈ గీత బలంగా పడుతుంది. వారి పోరాటమంతా 51 నుంచి 50కి దిగడానికే అన్నట్టు ఉంటుంది.

సీటు బెల్టు పెట్టుకోని వారికి మరో మాట. బెల్టు లేకపోవడం వల్ల గాయం పెరిగిందని ఎదుటివారు చూపవచ్చని టెక్సాస్ సుప్రీంకోర్టు 2015లో తీర్పు ఇచ్చింది. వెనక సీట్లో కూర్చున్న అమ్మమ్మ బెల్టు పెట్టుకోకపోతే ఆ విషయం ఆమె పరిహారంలో చర్చకు వస్తుంది.

ప్రయాణికులకు సాధారణంగా తప్పు వాటా ఉండదు. వారు రెండు కార్ల డ్రైవర్ల మీదా క్లెయిము వేయవచ్చు. కొడుకు కారులో కూర్చున్న తండ్రి కొడుకు బీమా మీద క్లెయిము వేయడం మనకు ఎబ్బెట్టుగా తోచినా, చట్టానికి అందులో వింతేమీ లేదు. డబ్బు ఇచ్చేది బీమా కంపెనీ. ఒకే ఇంట్లో ఉండే కుటుంబసభ్యుల విషయంలో పాలసీలో మినహాయింపు రాసి ఉండవచ్చు. అప్పుడు చట్టం విధించిన కనీస మొత్తం వరకే రావచ్చు.

గుర్తే పడిపోయి ఉంటే, కొమ్మల్లో దాగి ఉంటే నగరం మీదో రాష్ట్రం మీదో వేలెత్తవచ్చు. కానీ గుర్తు సరిగా లేదని వారికి తెలిసి, సహేతుక సమయంలో సరిచేయలేదని చూపాలి. ఆరు నెలల్లోగా నోటీసు ఇవ్వాలి. కొన్ని నగరాల చార్టర్లలో, అంటే సొంత పాలన నియమావళిలో, గడువు ఇంకా తక్కువ.

డబ్బు ఎవరి పాలసీ నుంచి?

టెక్సాస్‌లో కనీస బీమా 30/60/25. అంటే ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో గాయాలన్నిటికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 25,000. ఒక్క శస్త్రచికిత్సకు ఈ 30,000 సరిపోదు. ఎదుటివారి దగ్గర అంతకు మించి బీమా లేకపోతే, తప్పు నూరు శాతం వారిదైనా చేతికి వచ్చేది సాధారణంగా అంతే. ఆస్తిపాస్తుల మీదికి వెళ్లడం కాగితం మీదే తేలిక.

అందుకే మీ సొంత పాలసీ తెరవండి. పీఐపీ అనే వ్యక్తిగత గాయాల రక్షణను టెక్సాస్‌లో ప్రతి కంపెనీ ఇవ్వజూపాలి. వద్దనుకుంటే రాతపూర్వకంగా తిరస్కరించాలి. కనీసం 2,500 డాలర్లు, ఎక్కువకూ కొనవచ్చు. తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా వైద్య ఖర్చులకు, పోయిన జీతంలో కొంత భాగానికి ఇస్తుంది. మీ కారులో అతిథిగా కూర్చున్నవారికీ వర్తిస్తుంది. అంటే మీతో ప్రయాణిస్తున్న మీ అమ్మానాన్నలకు కూడా. ఈ డబ్బు ఇచ్చిన కంపెనీ తర్వాత మీ పరిహారంలోంచి దాన్ని వెనక్కి అడగకూడదు.

రెండోది బీమా లేని, చాలని వాహనాల నుంచి రక్షణ. దీన్ని కూడా రాతపూర్వకంగా తిరస్కరిస్తే తప్ప పాలసీలో ఉండాలి. పై ఉదాహరణలో 72,000 రావాల్సి ఉండగా ఎదుటివారి పాలసీ 30,000 ఇచ్చి ఆగిపోయిందనుకుందాం. మీ దగ్గర 50,000 పరిమితితో ఈ రక్షణ ఉంటే మిగిలిన 42,000 అక్కడినుంచి అడగవచ్చు. రెండు షరతులు గుర్తుంచుకోండి. ఎదుటివారితో రాజీ పడేముందు మీ కంపెనీ అనుమతిని రాతలో తీసుకోండి. తర్వాత ఆ కంపెనీ మీ సొంతదే కదా అని మెత్తగా ఉంటుందనుకోకండి. ఈ దశలో అది ఎదుటి పక్షం స్థానంలో కూర్చుంటుంది.

పాలసీ ఆన్‌లైన్‌లో కొన్న రోజున నెలకు కొన్ని డాలర్లు తగ్గుతాయని ఈ రెండు గడులూ తీసేసినవారు తక్కువ కాదు. ఈ వ్యాసం చదువుతున్నవారికి ఇంకా ప్రమాదం జరగకపోతే, ఈ ఒక్క పేరా కోసమైనా ఇవాళ పాలసీ తీసి చూడాలి.

ఎంత అడగాలి?

వైద్య ఖర్చులో టెక్సాస్‌కు ఒక ప్రత్యేక నియమం ఉంది. ఆసుపత్రి బిల్లులో వేసిన మొత్తం లెక్కలోకి రాదు. నిజంగా చెల్లించినది లేదా చెల్లించాల్సినది మాత్రమే. 40,000 బిల్లు వేసి ఆరోగ్య బీమా ఒప్పందం ప్రకారం 11,000తో సరిపెట్టుకుంటే, మీ క్లెయిములో చేరేది 11,000. దీనికి భవిష్యత్తు వైద్యం కలపాలి.

పోయిన ఆదాయాన్ని పన్నులు పోగా లెక్కవేయాలి. హెచ్-1బీ ఉద్యోగులు జీతం లేని సెలవు పెట్టారా, సొంత సెలవులు ఖర్చు చేశారా అన్నదానికి మానవ వనరుల విభాగం నుంచి ఉత్తరం తీసుకోవాలి. వీసా స్థితి వల్ల గాయానికి పరిహారం అడిగే హక్కు పోదు. ఉద్యోగం చేయని హెచ్-4 భార్యకో భర్తకో ఆదాయ నష్టం లేకపోయినా, ఇంటిపని, పిల్లల సంరక్షణ చేయలేకపోయిన నష్టాన్ని కోర్టులు గుర్తిస్తాయి. మన కుటుంబాలు సాధారణంగా దీన్ని అడగనే అడగవు.

శారీరక బాధ, మానసిక వేదన, వికృతి, పనిచేసే శక్తి తగ్గడం వేర్వేరు పద్దులు. వీటికి సూత్రం లేదు. వైద్య ఖర్చును మూడుతో గుణించమనే సలహాను జ్యూరీ ఎవరూ విననక్కరలేదు. నొప్పితో నిద్రలేని రాత్రులు, ఎత్తుకోలేకపోయిన పసిపాప, మానేసిన ఆట తేదీలతో రాసుకున్న డైరీ దానికంటే గట్టిగా నిలుస్తుంది. కారు బాగుచేసిన తర్వాత కూడా దాని అమ్మకం ధర తగ్గితే ఆ తగ్గుదలను ఎదుటివారి బీమాను విడిగా అడగవచ్చు.

ప్రాణం పోయిన సందర్భంలో దావా హక్కు భార్య లేదా భర్తకు, పిల్లలకు, తల్లిదండ్రులకు ఉంటుంది. తల్లిదండ్రులు ఊళ్లో ఉన్నారని హక్కు పోదు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు మాత్రం టెక్సాస్‌లో ఈ హక్కు లేదు.

అడ్జస్టర్‌తో మాటలు

ఎదుటి బీమా కంపెనీ తరఫున క్లెయిము పరిశీలించే అడ్జస్టర్ రెండో రోజే ఫోను చేసి, మర్యాదగా, రికార్డు చేసే సంభాషణ అడుగుతారు. దానికి ఒప్పుకోవాల్సిన బాధ్యత మీకు లేదు. "మీరు ఆయన్ని ఎప్పుడు చూశారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. "గుద్దిన తర్వాతే" అంటే మీరు చూడకుండా నడుపుతున్నట్టు. "చాలా ముందే" అంటే తప్పించుకోగలిగీ తప్పించుకోనట్టు. మీ సొంత కంపెనీకి మాత్రం సహకరించాలి, పాలసీలో ఆ షరతు ఉంటుంది.

తొలి చెక్కుతోపాటు వచ్చే విడుదల పత్రం మీద సంతకం పెడితే, తర్వాత ఎంఆర్ఐలో డిస్కు జారినట్టు తేలినా ఇక అడగడానికి ఉండదు. కారు నష్టాన్ని, గాయాల నష్టాన్ని విడివిడిగా ముగించుకోవచ్చు. కారు కాగితంలో గాయాల మాట దూరలేదని చూసుకుని సంతకం పెట్టండి.

వైద్యం ఒక స్థిరమైన దశకు వచ్చాక, ఇంత పరిహారం కావాలని అడిగే డిమాండ్ ఉత్తరం ఎదుటి బీమా కంపెనీకి వెళ్లాలి. ఎదుటి డ్రైవరు తప్పు స్పష్టంగా ఉండి, నష్టం పాలసీ పరిమితిని దాటుతున్నప్పుడు, పరిమితి లోపల పూర్తి విడుదల ఇస్తామని, సహేతుకమైన గడువుతో అడగడం టెక్సాస్‌లో పదునైన ఆయుధం. 1929 నాటి స్టోవర్స్ తీర్పు ప్రకారం, అలాంటి న్యాయమైన అవకాశాన్ని కంపెనీ అకారణంగా తోసిపుచ్చి తర్వాత పరిమితిని మించి తీర్పు వస్తే, ఆ పైమొత్తం కంపెనీయే భరించాల్సి రావచ్చు. షరతులు కొంచెం తప్పినా ఉత్తరం పనికిరాదు. దీన్ని న్యాయవాది రాయాలి.

న్యాయవాది, గడువు

ప్రమాదం జరిగిన మర్నాడే తెలియనివారెవరో ఫోను చేసి లాయరు కార్యాలయం నుంచి అంటే పెట్టేయండి. ప్రమాద బాధితుల వెంటపడి కేసులు పట్టడం టెక్సాస్‌లో నేరం. 31 రోజుల్లోపు ఉత్తరాలు పంపడం కూడా నిషేధమే. గాయం చిన్నదై, తప్పు మీద వివాదం లేకపోతే మీరే మాట్లాడుకోవచ్చు. 20,000 డాలర్ల లోపు దావాలను జస్టిస్ కోర్టు వింటుంది. తప్పు శాతం మీద తగాదా ఉన్నా, గాయం పెద్దదైనా, ఎదుటిది ప్రభుత్వ వాహనమైనా న్యాయవాది ఉండాలి. గెలిస్తేనే ఫీజు అన్న ఒప్పందంలో మూడో వంతు, దావా వేశాక 40 శాతం వరకు అడగడం సాధారణం. ఆ ఒప్పందం రాతలో, సంతకంతో ఉండాలి. ఫీజు మొత్తం మీదా, ఖర్చులు పోయాక మిగిలినదాని మీదా అన్నది ముందే అడగండి.

దావా వేయడానికి సాధారణంగా రెండేళ్లు. అడ్జస్టర్‌తో ఉత్తరాలు నడుస్తున్నాయని గడువు ఆగదు. పిల్లల సొంత దావాకు 18 ఏళ్లు నిండాక గడువు మొదలవుతుంది. కానీ వారి వైద్య ఖర్చు తల్లిదండ్రుల క్లెయిము, దానికి రెండేళ్లే. పిల్లల తరఫున రాజీకి సాధారణంగా న్యాయమూర్తి ఆమోదం తీసుకుంటారు.

చెక్కు వచ్చాక

పరిహారం మొత్తం మీది కాదు. ప్రమాదం జరిగిన 72 గంటల్లో ఆసుపత్రిలో చేరి ఉంటే ఆ ఆసుపత్రి మీ పరిహారం మీద లీను, అంటే తన బాకీ ముందు తీర్చాలన్న హక్కు, నమోదు చేయవచ్చు. దాన్ని తీర్చకుండా ఇచ్చిన విడుదల పత్రం చెల్లదు. ఆరోగ్య బీమా కూడా తాను కట్టినది వెనక్కి అడుగుతుంది. మీకు ఉద్యోగమిచ్చిన కంపెనీయే సొంతంగా నిధులు పెట్టే ప్లాన్ అయితే, పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో తరచుగా అలాగే ఉంటుంది, టెక్సాస్ చట్టం విధించే పరిమితులు దానికి వర్తించకపోవచ్చు. ప్లాన్ పత్రం తెప్పించుకుని అది ఏ రకమో చూడాలి.

60,000 డాలర్ల రాజీలో 20,000 ఫీజు, 1,500 ఖర్చులు, ఆసుపత్రి లీను 12,000, ఆరోగ్య బీమా 8,000 పోతే మీకు 18,500. ఆసుపత్రి, బీమా అడిగిన మొత్తాలు తుది మాట కావు. మీ తప్పు శాతం వల్ల, పాలసీ పరిమితి వల్ల మీకు పూర్తి నష్టం రాలేదని రాసి తగ్గించమని అడగాలి. రాజీకి ముందే ఆ అంకెలు రాతలో తెప్పించుకుంటే, ఎంతకు ఒప్పుకోవాలో మీకు తెలుస్తుంది. శారీరక గాయానికి వచ్చిన పరిహారం మీద సాధారణంగా అమెరికా ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు. శిక్షగా విధించిన మొత్తం మీద, వడ్డీ మీద ఉంటుంది. అందుకే రాజీ పత్రంలో ఏ మొత్తం దేనికో విడగొట్టి రాయించుకోవాలి.